గుమస్తా జీతం: ఊరు నిర్ణయిస్తుందా? యజమాని నిర్ణయిస్తాడా?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

“ఉద్యోగం పురుష లక్షణం” అన్నారు పెద్దలు. వారి కాలంలో ఆ మాటకు అర్థమేమిటో గాని, మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఉద్యోగమంటే నీడపట్టున కుర్చీలో కూర్చుని రాసే పని. ఎకరానికి ముప్పై బస్తాలు పండించిన రైతుని “ఏం చేస్తున్నావు?” అని అడిగి చూడండి. “ఏటీ లేదు బాబూ, వ్యవసాయం” అంటాడు. అదే రైతు, కొడుకో కూతురో ఏ ఆఫీసులోనైనా రిజిస్టరు ముందు కూర్చుంటే “మావోళ్లు ఉద్యోగం చేస్తన్నారు” అని నిండుగా చెప్పుకుంటాడు. ఉద్యోగం ఇప్పుడు స్త్రీ లక్షణం కూడా అయింది. సంతోషించవలసిన విషయమే.

ఊళ్లో ఆ తరువాత వచ్చే ప్రశ్న ఒకటుంది. “ఎంతొస్తాది?” ఇక్కడే చిక్కు. రాసే పని ఒకటే. కలం ఒకటే, ఇప్పుడైతే కంప్యూటరు మీటలూ ఒకటే. కాని జవాబులు మాత్రం పది రకాలు. డిగ్రీ చేతికి రాగానే మనలో చాలామందిమి ఈ పనికే పరుగు తీస్తాం కనుక, ఈ తేడాలు ఎక్కడ పుడుతున్నాయో తెలుసుకోవడం మన అవసరం. సైన్సు విద్యార్థిని కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలోనే పరిశీలిస్తాను. ఒక కారణాన్ని కదలకుండా ఉంచి, రెండోదాన్ని మార్చి చూడడమే ఆ పద్ధతి.

ఎవరీ గుమస్తా?

వచ్చిన కాగితాన్ని నమోదు చేసేవాడు, పద్దు రాసేవాడు, లెక్క సరిచూసేవాడు, జవాబు తయారుచేసేవాడు గుమస్తా. జమీందారీ కచేరీల నుంచి కలెక్టరాఫీసుల దాకా మన ప్రాంతంలో ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. మహాకవి గురజాడ అప్పారావు గారు కూడా 1886లో విజయనగరంలో డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ గుమస్తాగా పనిచేశారు.

ఇప్పుడు గుమస్తా అన్న పేరు ఎవరికీ రుచించడం లేదు. రాష్ట్ర ప్రభుత్వంలో వాడు జూనియర్ అసిస్టెంటు. కేంద్రంలో లోయర్ డివిజన్ క్లర్కు. స్టేట్ బ్యాంకులో జూనియర్ అసోసియేటు, మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో కస్టమర్ సర్వీస్ అసోసియేటు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. పలాస జీడి మిల్లులోనూ, మా ఊరి రైసు మిల్లులోనూ మాత్రం ఇప్పటికీ శుద్ధ గుమస్తాయే. పేర్లు మారాయి గాని పద్దు మారలేదు.

జీతాన్ని విడగొట్టి చూస్తే

“నెలకు ఇంత” అని మనం ఒక్క మాటలో చెప్పే జీతం నిజానికి ఒక మిశ్రమం. అందులో ముఖ్యంగా మూడు భాగాలున్నాయి.

మొదటిది మూల వేతనం. ఏటా ఒక ఇంక్రిమెంటు చేరి మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది. రెండోది కరువు భత్యం, అంటే డి.ఏ. ధరలు పెరిగితే జీతం విలువ కరిగిపోకుండా వేసే అతుకు ఇది. కేంద్ర కార్మిక శాఖ లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని ప్రకటిస్తుంది. 2016 ఆధార సంవత్సరంగా నడిచే ఈ సూచీకి దేశంలో 88 కేంద్రాల నుంచి ధరలు సేకరిస్తారు. ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై నెలల లెక్కన డి.ఏ. మారుతుంది. బ్యాంకు వారికి మూడు నెలలకొకసారి మారుతుంది. మూడోది ఇంటి అద్దె భత్యం. ‘ఊరు’ అనేది జీతంలోకి అడుగుపెట్టేది ముఖ్యంగా ఈ మూడో గుమ్మం నుంచే.

ఒక హెచ్చరిక. రెండు ఉద్యోగాల మూల వేతనాలు పక్కపక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అనడం పొరపాటు. ఎవరి మూలంలో ఏ సంవత్సరం దాకా పెరిగిన ధరలు కలిసి ఉన్నాయో చూడాలి. రాష్ట్ర జూనియర్ అసిస్టెంటు విషయమే చూడండి. 2015 స్కేళ్లలో ఆ పోస్టు ప్రారంభ వేతనం 16,400 రూపాయలు. 2022లో జీతాలు సవరించినప్పుడు 2018 జూలై నాటి కరువు భత్యం 30.392 శాతాన్ని, అంటే 4,984 రూపాయలను, మూలంలో కలిపారు. దాని మీద 23 శాతం ఫిట్‌మెంటు, అంటే 3,772 రూపాయలు వేశారు. మొత్తం 25,156. స్కేలులో దానికి పై మెట్టు 25,220. అదే కొత్త ప్రారంభ వేతనం. చూశారా, ఈ పెరుగుదలలో సగానికి మించి ధరల అతుకే. అసలు పెంపు మిగతా భాగమే.

ఆ 23 శాతం కూడా ఊరికే రాలేదు. అశుతోష్ మిశ్రా నాయకత్వంలోని వేతన సవరణ సంఘం 27 శాతం సిఫారసు చేసింది, ప్రభుత్వం 23 ఇచ్చింది. దాని మీద 2022 ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ అంటూ ఉద్యోగులు వేలాదిగా కదిలారు. ఆ తరువాత చర్చల్లో ఇంటి అద్దె భత్యం శాతాలు కొంత మెరుగయ్యాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మొదటి పరీక్ష: యజమాని ఒకడే, ఊరు వేరు

యజమానిని కదలకుండా ఉంచి ఊరు మార్చి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ గుమస్తాకు 7వ వేతన సంఘం ప్రకారం, 2016 జనవరి నుంచి, ప్రారంభ మూల వేతనం 19,900. ఢిల్లీలోనైనా, ఇచ్ఛాపురంలోనైనా అంతే. ఇంటి అద్దె కోసం ఊళ్లను మూడు తరగతులు చేశారు. మహానగరాలు ఎక్స్, తరువాతివి వై, మిగిలినవన్నీ జడ్. విశాఖపట్నం వై తరగతిలోకి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం జడ్.

2024 జనవరి లెక్క తీసుకుందాం. అప్పటి డి.ఏ. 50 శాతం, అంటే 9,950 రూపాయలు. మూలంతో కలిపి 29,850. ఇంటి అద్దె విశాఖలో 20 శాతం చొప్పున 3,980, శ్రీకాకుళంలో 10 శాతం చొప్పున 1,990. ప్రయాణ భత్యం పక్కన పెడితే విశాఖలో 33,830, శ్రీకాకుళంలో 31,840. తేడా 1,990 రూపాయలు. శ్రీకాకుళం జీతం మీద ఆరు శాతం పైచిలుకు.

రాష్ట్ర ప్రభుత్వంలోనూ ఇదే తీరు. 2022 సవరణలో ఇంటి అద్దె భత్యాన్ని ప్రధానంగా ఊరి జనాభాను బట్టి 10, 12, 16 శాతాలుగా పెట్టారు. రాష్ట్ర సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల వారికి 24 శాతం. 25,220 మీద 10 శాతమంటే 2,522, 16 శాతమంటే 4,035. చిన్న ఊరికీ నగరానికీ మధ్య తేడా 1,513 రూపాయలు.

బ్యాంకుల్లో ఈ తేడా ఇంకా తక్కువ. 2024 మార్చి 8న కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం గుమస్తా ప్రారంభ మూల వేతనం 24,050. ఇది 2022 నవంబరు 1 నుంచి వర్తించింది. ముంబయి శాఖలోనైనా, మా సీతంపేట ఏజెన్సీ శాఖలోనైనా అదే మూలం, అదే డి.ఏ.

కాబట్టి మొదటి పరీక్ష ఫలితం ఇది: జీతాల పద్ధతి రాసిపెట్టి ఉన్న చోట ఊరు మారినందువల్ల వచ్చే తేడా బహు స్వల్పం. విశాఖలో ఇంటి అద్దెలు తెలిసినవారు, శ్రీకాకుళంలో ఉన్నవాడే సుఖపడ్డాడని కూడా అనవచ్చు.

రెండో పరీక్ష: ఊరు ఒకటే, యజమాని వేరు

ఇప్పుడు ఊరిని కదలకుండా ఉంచుదాం. శ్రీకాకుళం పట్టణమే అనుకోండి. ఒకే వీధిలో కొన్ని అడుగుల దూరంలో ఉన్న ఆఫీసుల్లో కొత్తగా చేరిన గుమస్తాల లెక్క ఇలా ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వ జూనియర్ అసిస్టెంటు: 2022 స్కేలు ప్రారంభం 25,220, దానిపై డి.ఏ., ఇంటి అద్దె.

బ్యాంకు గుమస్తా: ప్రారంభం 24,050, దానిపై ప్రత్యేక భత్యం, డి.ఏ., ఇంటి అద్దె మొదలైనవి. స్టేట్ బ్యాంకులో పట్టభద్రులకు ముందే రెండు ఇంక్రిమెంట్లు కలిపి 26,730తో మొదలు.

సచివాలయ ఉద్యోగి: 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు నెలకు 15,000 స్థిర మొత్తం. ప్రొబేషను ముగిసి 2022లో స్కేలులోకి వచ్చాక డిజిటల్ అసిస్టెంటు వంటి వారికి 22,460, గ్రేడ్-5 పంచాయతీ కార్యదర్శికి 23,120 ప్రారంభం.

అవుట్‌సోర్సింగ్ జూనియర్ అసిస్టెంటు లేదా డేటా ఎంట్రీ ఆపరేటరు: 2022 సవరణ ప్రకారం నెలకు 18,500. దానిపై డి.ఏ. లేదు, ఇంటి అద్దె లేదు, ఏటా ఇంక్రిమెంటు లేదు.

ఆ వీధి చివరి హోల్‌సేల్ దుకాణంలో గుమస్తా: ఆయన జీతం ఏ జీవోలోనూ కనబడదు. యజమాని నోటి మాటే స్కేలు.

బియ్యం ధర వీళ్లందరికీ ఒకటే. గ్యాసు బండ ధర ఒకటే, పిల్లల స్కూలు ఫీజు ఒకటే. జీతం మాత్రం ఒకటి కాదు. ఊరు మార్చితే రెండు వేలు కదిలింది. యజమానిని మార్చితే మొత్తం పద్ధతే కదిలిపోయింది. అయితే ఈ యజమానులు ఇలా ఎందుకు వేరయ్యారు? దీనికి జవాబు అంకెల్లో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్రలో రెండు ముఖ్య ఘట్టాలకు మన జిల్లాలతో సంబంధం ఉండడం విశేషం.

పాతపట్నం ఎంపీ రాజీనామా

బ్యాంకు గుమస్తాకు మొదటినుంచీ దేశమంతా ఒకే జీతం లేదు. 1953 నాటి శాస్త్రి ట్రిబ్యునల్ అవార్డు ఊళ్లను జనాభా ప్రకారం తరగతులుగా విడగొట్టి, పెద్ద నగరానికి ఒక స్కేలు, చిన్న పట్టణానికి ఇంకొక స్కేలు పెట్టింది. దాని మీద అప్పీలు నడిచింది. 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉద్యోగులకు కొంత మేలైన తీర్పు ఇచ్చింది. బ్యాంకులు భరించలేవంటూ కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును మార్చివేసింది.

అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి వరాహగిరి వెంకటగిరి గారు. 1952 ఎన్నికల్లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచినవారు. ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వమే తోసిపుచ్చితే కార్మికుడికి ఇక నమ్మకమెక్కడిదని ఆయన 1954 ఆగస్టులో పదవికి రాజీనామా చేశారు. గుమస్తాల జీతాల కోసం కేంద్ర మంత్రి పదవి వదులుకోవడం చిన్న సంగతి కాదు. తరువాత 1957లో ఆయన పార్వతీపురంలో ఓడిపోయారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. అది వేరే కథ.

గిరిగారి సిద్ధాంతం ఒక్కటే. జీతం తగాదా కోర్టుల్లో కాకుండా యజమాని, ఉద్యోగుల సంఘం ఎదురెదురుగా బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. బ్యాంకుల్లో 1962 నాటి దేశాయి అవార్డు తరువాత జరిగింది అదే. 1966లో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం కుదిరింది. అప్పటినుంచి ఒప్పందం తరువాత ఒప్పందంగా నేటి 12వ దాకా వచ్చింది. ఊరిని బట్టి స్కేలు అన్న పద్ధతి ఈ దారిలోనే పోయింది. సీతంపేట గుమస్తా ముంబయి గుమస్తాతో సమానమైనది ఎవరి దయవల్లా కాదు.

మన గ్రామీణ బ్యాంకు కథ

రెండో ఘట్టం మన ముంగిట్లోనే జరిగింది. 1976లో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. ప్రధాన కార్యాలయం శ్రీకాకుళం, స్పాన్సరు స్టేట్ బ్యాంకు. రైతు, కూలీ, చేతివృత్తులవారికి అప్పు అందించడం దాని పని. మన నాయనలు, తాతలు ఎందరో ఆ బ్యాంకు గుమ్మం ఎక్కినవారే.

గ్రామీణ బ్యాంకుల ఆలోచన 1975లో ఎం. నరసింహం గారి నాయకత్వంలోని బృందం నుంచి వచ్చింది. పల్లెను ఎరిగిన సిబ్బంది ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి. అందుకే 1976 చట్టంలోనే ఒక మాట రాశారు. సిబ్బంది జీతం నిర్ణయించేటప్పుడు ఆ ప్రాంతంలోని రాష్ట్ర ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉద్యోగుల జీతాలను దృష్టిలో పెట్టుకోవాలి అని. ‘ఊరిని బట్టి జీతం’ అన్న సూత్రాన్ని ఇంత స్పష్టంగా చట్టంలో పెట్టిన సందర్భాలు అరుదు.

ఫలితం ఏమైంది? శ్రీకాకుళంలో స్టేట్ బ్యాంకు గుమస్తా, గ్రామీణ బ్యాంకు గుమస్తా ఇద్దరూ ఒకే రకం లెడ్జరు రాశారు, ఒకే రకం అప్పు కాగితాలు నింపారు. ఒకరికి అఖిల భారత ఒప్పందం జీతం, మరొకరికి రాష్ట్ర స్కేలు జీతం. పైగా గ్రామీణ బ్యాంకు శాఖలు ఎక్కువగా ఉన్నది పల్లెల్లో, కొండవార ఊళ్లలో. కష్టమైన చోట పనిచేసేవాడికే తక్కువ. పేదవాడికి సేవ చేసే బ్యాంకు గనుక గుమస్తా కూడా పేదవాడిగానే ఉండాలన్నట్టుగా ఉందా లెక్క!

ఉద్యోగ సంఘాలు పోరాడాయి. వ్యవహారం హైదరాబాదులో జస్టిస్ ఎస్. ఓబులరెడ్డి గారి జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. 1990 ఏప్రిల్ 30న ఆయన అవార్డు ఇచ్చారు. గ్రామీణ బ్యాంకు సిబ్బందికి వాణిజ్య బ్యాంకుల సిబ్బందితో సమానంగా జీతాలు ఇవ్వాలి, అదీ 1987 సెప్టెంబరు 1 నుంచి అని. తరువాత కొత్త ఒప్పందాల లాభం గ్రామీణ బ్యాంకులకు రాదన్న వాదం లేస్తే, 2001లో సుప్రీంకోర్టు ఆ సమానత్వాన్నే నిలబెట్టింది.

శ్రీ విశాఖ 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డుల మీద పేరు రెండుసార్లు మారింది గాని 1990 అవార్డు ఇచ్చిన సమానత్వం మాత్రం మిగిలింది. పద్నాలుగేళ్ల పాటు తక్కువ జీతం తీసుకున్న ఆ గుమస్తాల పని 1990 మే నెలలో ఒక్కసారిగా బరువెక్కలేదు గదా. మారింది పని కాదు, తీర్పు.

రాత లేని స్కేలు

ఇక బల్లే లేని చోటికి వద్దాం. మా ప్రాంతపు ప్రైవేటు గుమస్తాలు ఎక్కడున్నారంటే రైసు మిల్లుల్లో, పలాస జీడి మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో, బస్సు, లారీ ఆఫీసుల్లో, ప్రైవేటు స్కూళ్లలో. ధాన్యం సీజనులో 80 కిలోల బస్తాల లెక్క రాస్తూ రాత్రి పది దాటినా లేవని గుమస్తాలు మా పక్క చాలామంది. పైడిభీమవరం మందుల కంపెనీలు, గరివిడి వంటి పారిశ్రామిక ఊళ్లలో పద్ధతి కొంత వేరు. పెద్ద కంపెనీకి సొంత గ్రేడులుంటాయి, బోనస్ ఉంటుంది. కాని పెద్ద గేటు లోపల కూడా కాంట్రాక్టరు ద్వారా వచ్చిన గుమస్తాకు ఆ గ్రేడు వర్తించదు. ఆమదాలవలస సహకార చక్కెర కర్మాగారంలా ఫ్యాక్టరీయే మూతపడితే ఎంత మంచి స్కేలైనా కాగితం మీదే మిగిలిపోతుంది.

వీళ్లకు చట్టం అసలే లేదా అంటే, ఉంది. 1948 కనీస వేతనాల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు, వాణిజ్య సంస్థల్లో గుమస్తా, క్యాషియరు వంటి పనులకు కనీస వేతనాలు ప్రకటిస్తూ వచ్చింది. ఊళ్లను జోన్లు చేసి పెద్ద ఊరికి కొంత ఎక్కువ, చిన్న ఊరికి కొంత తక్కువ పెట్టింది. ధరల సూచీని బట్టి ఏప్రిల్, అక్టోబరు నెలల్లో దానికీ కరువు భత్యం కలుస్తుంది. అయిదేళ్లు మించకుండా రేట్లు సమీక్షించాలని ఆ చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. అయితే ఈ రేట్లు ఎంతో తెలిసిన గుమస్తా మా ఊళ్లలో నాకు ఇంతవరకు కనబడలేదు. తెలియని హక్కు ఉన్నా లేనట్టే.

అసలు కనీస వేతనం దేన్ని బట్టి ఉండాలి? 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఒక సూత్రం చెప్పింది. ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం ఉందనుకోవాలి. ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు మొత్తంలో 20 శాతం. ఈ ఆహార లెక్క డాక్టర్ అక్రాయిడ్‌ది. ఆయన నడిపిన కూనూరు పరిశోధనశాలే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి ఇంకొక 25 శాతం కలపాలని చెప్పింది.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మా ఇల్లే కళ్లకు కట్టింది. మా ఊళ్లో మిల్లు గుమస్తా అంత తక్కువకు ఎలా బతుకుతున్నాడు? బియ్యం సొంత పొలంవి. పెసలు, మినుములు గట్టు మీదవి. ఇల్లు తాతలు కట్టింది, అద్దె లేదు. యజమానికీ ఈ సంగతి తెలుసు. “నీకేటిరా, ఇంటికాడ తిండి ఉంది గదా” అంటాడు. అంటే ఏమిటన్న మాట? యజమాని ఇవ్వవలసిన 2,700 కేలరీలు మా నాయన పొలం ఇస్తోంది. పొలం మీద గిట్టుబాటు లేదని కొడుకుని ఉద్యోగానికి పంపితే, ఆ పొలమే తిరిగి ఆ ఉద్యోగానికి సాయం పడుతోంది. మన జిల్లాల్లో ప్రైవేటు గుమస్తా జీతం ఎందుకు తక్కువంటే జీవితం చవక కాబట్టి అంటారు. చవక కాదు, మిగతా ఖర్చు రైతు భరిస్తున్నాడు. ఏ పద్దులోనూ కనబడని ఈ సబ్సిడీకి లెక్క రాసే గుమస్తా ఎవరూ లేరు.

పొలం లేని ఇంటి బిడ్డకు ఆ సాయమూ లేదు. అందుకే వాడు హైదరాబాదు, చెన్నై రైలు ఎక్కుతున్నాడు.

ఒకే గది, రెండు జీతాలు

ప్రైవేటులోనే ఇలా ఉందనుకుంటే పొరపాటు. ప్రభుత్వ కార్యాలయంలోకే తొంగి చూడండి. అవుట్‌సోర్సింగ్ జూనియర్ అసిస్టెంటు స్థాయికి 2016లో నెలకు 15,000 నిర్ణయించారు. మళ్లీ 2022లో గాని అది 18,500 కాలేదు. నడుమ ఇంచుమించు ఆరేళ్లు ధరలు నిలబడి ఎదురుచూడలేదు. పక్క బల్ల దగ్గర కొత్తగా చేరిన రెగ్యులర్ అసిస్టెంటుకు మూలం 25,220, పది శాతమే ఇంటి అద్దె అనుకున్నా 27,742. డి.ఏ. కలపకముందే తేడా 9,242 రూపాయలు. ఊరు మారితే రెండు వేలు తేడా అని ముందు చూశాం. ఇక్కడ ఊరూ ఒకటే, ఆఫీసూ ఒకటే, ఫైలూ ఒకటే.

దీని మీద కూడా న్యాయం మాట్లాడింది. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగంలో 39వ అధికరణంలోని ఆదేశం. 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దానికి బలం ఇచ్చింది. 2016 అక్టోబరు 26న జగ్జీత్ సింగ్ కేసులో, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలు కనీసమైనా ఇవ్వాలని తీర్పు చెప్పింది. కాని తీర్పు ఉండడం వేరు, అది మన బల్ల దాకా రావడం వేరు. గ్రామీణ బ్యాంకు వారికి అది రావడానికి సంఘం, ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు కలిసి పాతికేళ్లు పట్టింది.

తేలింది ఏమిటి?

మిత్రులారా, రెండు పరీక్షలూ చూశాం. పరిశ్రమకు పరిశ్రమకు గుమస్తా జీతం మారడానికి యజమాని స్తోమత ఒక కారణం. పని కోసం ఎదురుచూసే డిగ్రీలు ఎక్కువ, ఆఫీసులు తక్కువ కావడం మన ప్రాంతంలో మరొక కారణం. కాని వీటన్నిటికన్నా బలమైనది ఒకటుంది. జీతం గురించి మాట్లాడడానికి బల్ల ఉందా, ఆ బల్లకు ఇవతలి పక్క కుర్చీలో మనవాళ్లు ఉన్నారా అన్నది. బల్ల ఉన్నచోట సీతంపేటా ముంబయీ ఒకటయ్యాయి. బల్ల లేనిచోట ఒకే గదిలో రెండు బల్లలు రెండు లోకాలయ్యాయి. వెనుకబడిన ప్రాంతం కాబట్టి తక్కువ జీతం అనే మాట సగమే నిజం. సంఘటితంగా లేనివాడి మీదనే వెనుకబాటుతనం పూర్తి బరువుతో పడుతుంది.

కోచింగు కోసం ఇంట్లో పుస్తెలు కుదవపెట్టి, అర ఎకరం అమ్మి పట్నం చేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏటేటా పెరుగుతున్నారు. వారికి నాదొక మనవి. “ఎంతొస్తాది?” అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. ఉద్యోగం వస్తే ఈ అయిదూ అడగండి. నియామక పత్రం ఇచ్చేది ఎవరు, సంస్థా, కాంట్రాక్టరా? ఇచ్చేది స్కేలా, స్థిర మొత్తమా? ధరలు పెరిగితే జీతం తనంతట తాను కదులుతుందా? ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. కడుతున్నారా? ఈ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం ఎంత? చివరి ప్రశ్నకు జవాబు యజమానిని కాదు, కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది.

పొలంలో మా నాయన బస్తా ధాన్యానికి మద్దతు ధర ఎంతో తెలియకుండా మిల్లుకు బండి తోలడు. చదువుకున్న మనం మన కలానికి మద్దతు ధర ఎంతో తెలియకుండా ఆఫీసు మెట్లు ఎక్కకూడదు.